రంగు వేయని బండి

బస్టాండు వెనక సందులో మూడో రేకుల షెడ్డు బండి బాబాయిది. ఆయన అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉంటుందేమో కానీ, మా సందులో దాన్ని వాడినవాళ్ళు లేరు. పెద్దా చిన్నా అందరికీ బాబాయే. చక్రం ఉన్నది ఏదైనా చేస్తాడు. గ్యాస్ సిలిండర్లు తోసుకెళ్ళే బండి, పూలకుండీలు అమ్మేవాళ్ళ బండి, నడవలేనివాళ్ళ కుర్చీ. మోటారు ఉన్నవాటి జోలికి మాత్రం పోడు. "మనిషి తోస్తే కదిలేదే నా బుర్రకెక్కుతుంది. దానంతటదే కదిలేదంటే నాకు భయం" అంటాడు.

ఆయన దగ్గరికి బండి కావాలని వెళ్తే కాగితం మీద బొమ్మ గీసి చూపించడం ఉండదు. "కాగితం మీది బండి ఏ గుంటలోనూ పడదు" అని నవ్వి, ముందు ఒకటి చేసేస్తాడు. ఎనిమిది రోజులు వాడుకోమని ఇస్తాడు. తొమ్మిదో రోజు వెళ్ళి వెనక్కి తెచ్చుకుని, తలకిందులు చేసి, ఎక్కడ అరిగింది, ఎక్కడ వంగింది, ఎక్కడ గుడ్డ చుట్టారు, ఎక్కడ తాడు కట్టారు అని చూస్తాడు. గుడ్డ చుట్టిన చోట చెయ్యి నొప్పి పుట్టిందన్నమాట. తాడు కట్టిన చోట సామాను జారిందన్నమాట. మనుషులు నోటితో చెప్పలేనిది బండి చెబుతుందని ఆయన నమ్మకం. అది చూశాకే అసలు బండి మొదలవుతుంది. ఎనిమిది రోజుల బండికి ఎప్పుడూ రంగు వేయడు. రంగు వేస్తే జనం దాన్ని ముట్టుకోవడానికి కూడా మొహమాటపడతారట.

ఈ పద్ధతి ఆయనకు పుట్టుకతో వచ్చింది కాదు. పాతికేళ్ళ వయసులో, రిటైరయిన ఒక మాస్టారికి చక్రాల కుర్చీ చేశాడు. వెన్ను కొలిచి, మోకాలు కొలిచి, మోచెయ్యి కొలిచి, నెల రోజులు కష్టపడి తీసుకెళ్తే అది మాస్టారి గది గుమ్మంలో పట్టలేదు. బాబాయికి భూమి చీలితే దిగిపోదామనిపించింది. మాస్టారు కోప్పడలేదు. కుర్చీని వరండాలోనే వేయించుకుని, అందులో హాయిగా కూర్చుని, "నన్ను బాగానే కొలిచావురా. నా ఇంటిని కొలవడం మర్చిపోయావు. ముందు కాఫీ తాగు, తర్వాత లోపలికి వచ్చి చూసుకో" అన్నారట. ఆ రోజు తిట్టి పంపి ఉంటే తాను ఇనుము ముట్టేవాణ్ణి కాదని బాబాయి ఇప్పటికీ చెబుతాడు. దేవుడు కొందరికి చదువు బడిలో ఇస్తాడు, కొందరికి కాఫీ కప్పుతో ఇస్తాడు.

బాబాయికి ఒక అక్క ఉంది. ఆయన కంటే పదేళ్ళు పెద్దది. అమ్మ పోయినప్పుడు బాబాయికి ఆరేళ్ళు. ఆనాటి నుంచి ఆ అక్కే అమ్మ. తమ్ముడికి పెళ్ళి చేసింది గానీ తాను చేసుకోలేదు. ఆస్పత్రి లాండ్రీలో ముప్పై ఏళ్ళుగా పని చేస్తూ, తమ్ముడి ఇంట్లోనే ఉంటోంది. ఆవిడతో పాటు లాండ్రీలో ఇంకా నలుగురు ఆడవాళ్ళు. అడుగు అంతస్తులో ఉతికిన దుప్పట్లు, తడి ఓడుతుండగానే పెద్ద బండిలో వేసుకుని, వాలు దారి మీదుగా డాబా పైకి తోసుకెళ్ళి ఆరేయాలి. లిఫ్టు రోగులకే. తడిసిన దుప్పటి ఎంత బరువుంటుందో మోసినవాళ్ళకే తెలుసు. పాత బండిని ఇద్దరు తోస్తే గానీ కదిలేది కాదు.

ఆ నెల మూడో తారీకున కొత్తగా వచ్చిన మేనేజరమ్మ లాండ్రీకి వచ్చి, ఒక బండి వెనక ఇద్దరు వెళ్ళడం చూసింది. ఆవిడ చెడ్డ మనిషేం కాదు. చెప్పులు కూడా గోడకు సమానంగా విడిచే మనిషి. అంతే. వచ్చే నెల మొదటి తారీకు నుంచి ఒక బండికి ఒక మనిషే అని చెప్పింది. ఒంటరిగా తోయలేనివాళ్ళను పనిలోంచి తీసేసి, వయసులో ఉన్నవాళ్ళను తీసుకుంటామని చెప్పింది.

అక్కకు కుడి మణికట్టు ఏడాదిగా బాగుండటం లేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు గానీ, ఈ సంగతి మాత్రం ఆ పూట భోజనాల దగ్గర చెప్పింది.

"పోతే పోనివ్వండి వదినా. ఇన్నేళ్ళు చేశారు, చాలదూ? ఇంట్లో కూర్చోండి" అంది బాబాయి భార్య.

"కూర్చోబెట్టి చూసుకోవడానికి నేనేమన్నా పింగాణీ బొమ్మనా? షోకేసులో పెడతావా నన్ను?" అంది అక్క. "చేతికి పని లేకపోతే నా గొంతులోకి ముద్ద దిగదమ్మా. అక్కడ ఆ నలుగురితో నాలుగు మాటలు అనుకుంటే గానీ నాకు తెల్లారినట్టుండదు."

బాబాయి మర్నాడు ఉతికిన చొక్కా తొడుక్కుని మేనేజరమ్మ దగ్గరికి వెళ్ళాడు. కొత్త రకం బండి ఒకటి చేసి ఇస్తానని, తన అక్క దాన్ని ఒక్కతే పైకి తోస్తే పనిలో ఉంచమని అడిగాడు.

"మీ అక్క ఒక్కరికే కాదు, అయిదుగురికీ సరిపోవాలి. నెలాఖరున నేనే వచ్చి చూస్తాను. అప్పుడు తోయలేకపోతే నన్ను ఏమీ అనకూడదు మరి" అందావిడ.

"మిమ్మల్నెందుకంటానమ్మా, అనాలంటే నా బండినే అంటాను."

వారం రోజులు బాబాయి మిగతా పనులన్నీ పక్కన పెట్టాడు. పని మొదలుపెట్టే ముందు కళ్ళు మూసుకుని, "స్వామీ, తోసేవాళ్ళ చెయ్యి నొప్పి పుట్టకుండా చూడు" అనుకోవడం ఆయనకు అలవాటు. ఈసారి ఆ మాట రెండుసార్లు అనుకున్నాడు. పెద్ద చక్రాలు వేశాడు. బండి లోపల స్ప్రింగుల మీద ఒక పలక అమర్చాడు. దుప్పట్లు వేస్తే అది కిందికి దిగుతుంది, తీస్తున్నకొద్దీ పైకి లేస్తుంది, వంగి తీయనక్కర్లేదు. బండి నిలబెట్టి చూసుకుంటే మనసు నిండింది. అక్క కోసం చేసింది కదా. జీవితంలో మొదటిసారి ఎనిమిది రోజుల బండికి రంగు వేశాడు. ఆకాశం రంగు, రెండు కోటింగులు, చుట్టూ సన్నటి తెల్ల అంచు.

తొమ్మిదో రోజు లాండ్రీకి వెళ్ళాడు. ఆవిరి, సబ్బు వాసన, అయిదుగురు ఆడవాళ్ళు. వాళ్ళలో ఒకావిడను మైకు వదిన అంటారు. లాండ్రీలో మాట్లాడితే మందుల కౌంటరు దగ్గర వినపడుతుంది. ఇంకొకావిడ చిట్టత్త, పొట్టి మనిషి.

"ఎలా ఉంది బండి?" అనడిగాడు బాబాయి.

"బంగారం బాబాయి, బంగారం!" అంది మైకు వదిన.

"తోయక్కర్లేదయ్యా, పేరు పెట్టి పిలిస్తే వెంట వస్తోంది" అంది చిట్టత్త.

అక్క దుప్పటి పిండుతూ, "నా తమ్ముడు చేశాడంటే మాటలా?" అంది.

బాబాయి పొంగిపోయి బండిని షెడ్డుకు తెచ్చి, అలవాటుగా తలకిందులు చేశాడు. ఎక్కడా గుడ్డ చుట్టిన గుర్తు లేదు, తాడు కట్టిన జాడ లేదు. ఇరుసు చూశాడు. ఆస్పత్రి బండి ఏదైనా నాలుగు రోజులు తిరిగితే ఇరుసుకు దారాలు పిచ్చుక గూడులా చుట్టుకుంటాయి. దీనికి ఒక్క పోగు లేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే సబ్బు వాసన వచ్చింది. పెళ్ళికి ముస్తాబు చేసినట్టు కడిగి పంపారు. బండి ఏమీ మాట్లాడకపోవడం ఆయనకు అదే మొదటిసారి.

అప్పుడు వెనక వైపు అడుగున ఉన్న కమ్మీ కనిపించింది. దాని కింది వైపు, వరసగా అరచెయ్యి వెడల్పున, కొన్ని చోట్ల రంగు మెరుపు పోయి మసకబారింది. మురికినైతే కడిగారు గానీ అరుగుదలను కడగలేకపోయారు. అక్కడ ఎవరి చెయ్యీ పడాల్సిన పని లేదు.

ఆ పూట భోజనాల దగ్గర అడిగాడు. "అక్కా, బండి అడుగున చేతులెందుకు పెట్టారు?"

"తుడిచేటప్పుడు పట్టుకుని ఉంటాంలే" అంది అక్క కంచంలోంచి తల ఎత్తకుండా. మంచినీళ్ళ గ్లాసు రెండు చేతులతో ఎత్తుకుని తాగింది. బాబాయి భార్య అది చూసి భర్త వైపు చూసింది.

మర్నాడు పొద్దున్నే బండిని మళ్ళీ లాండ్రీకి తోసుకెళ్ళాడు. "ఇవాళ మీతో పాటు నేనూ తోస్తాను" అన్నాడు.

"మగాడివి, నీకిక్కడేం పనయ్యా?" అంది చిట్టత్త.

"ఈ ఒక్కరోజుకీ నన్ను మీ ఆడపడుచు అనుకోండి."

"ఆడపడుచయితే పనెందుకు చేస్తుంది? కుర్చీ వేసుకుని పెత్తనం చేస్తుంది!" అంది మైకు వదిన. అయిదుగురూ పగలబడి నవ్వారు. ఆ నవ్వులో ఒకరి మొహాలొకరు చూసుకోవడం బాబాయి గమనించకపోలేదు.

బండి నిండా తడి దుప్పట్లు వేసుకుని తోశాడు. వాలు దారి మొదటి సగం సాఫీగా సాగింది. పెద్ద చక్రాలు కదా, మోకాళ్ళ మీద బరువు తెలియలేదు. సగం దూరంలో దారి వెనక్కి తిరిగి మళ్ళీ పైకి పోతుంది. ఆ మలుపు ఇంకా నాలుగు అడుగులుందనగా వెనక అడుగుల చప్పుడయింది. చిట్టత్త పిండుతున్న దుప్పటి వదిలేసి వచ్చింది. మైకు వదిన బకెట్టు కింద పెట్టి వచ్చింది. మిగతా ఇద్దరూ వచ్చారు. అక్క వచ్చింది. ఎవ్వరూ పిలవలేదు, ఎవ్వరూ మాట్లాడలేదు. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, ఎవరి చోట్లో వాళ్ళు నిలబడి, వంగి, బండి తోక కింద చేతులు పెట్టి ఎత్తారు. బండి వెనక భాగం గాల్లో అర చుట్టు తిరిగి, కొత్త దారికి ఎదురుగా మెత్తగా దిగింది. అక్క అందరికంటే పొడుగు గనక ఎక్కువ బరువు పడే మూల ఆవిడది.

అలవాటు చొప్పున ఎత్తేసి దించేశాక గానీ, తోస్తున్నది ఎవరో వాళ్ళకు గుర్తు రాలేదు.

మైకు వదిన జీవితంలో మొదటిసారి నెమ్మదిగా మాట్లాడింది. "అదీ... కొంచెం పొడుగైంది బాబాయి."

"కొంచెమా?" అన్నాడు బాబాయి. "మరి బంగారం అన్నారు?"

"ఏం చేయమంటావు? బాలేదంటే మేనేజరమ్మ బండితో పాటు మీ అక్కని కూడా పంపించేస్తుంది. మలుపు దగ్గర ఒక్క చెయ్యి వేస్తే పోయేదానికి ఎందుకొచ్చిన గొడవ అనుకున్నాం."

"నేను పిడికి గుడ్డ చుట్టాను. నువ్వొస్తున్నావని విప్పేసి మడతపెట్టి దాచాను" అని చిట్టత్త ఒప్పేసుకుంది. "ఇరుసులో దారాలు పిన్నీసు పెట్టి తీశాం. మొన్న సాయంత్రం రెండు గంటలు కూర్చుని కడిగాం. ఎంత బాగా చేశావు, మురికిగా ఎలా ఇస్తాం?"

బాబాయి అక్క వైపు తిరిగాడు.

"రంగు కూడా వేసి తెచ్చావురా నాన్నా. అంత ముచ్చటగా చేసినదాన్ని చూస్తూ చూస్తూ నేనెలా వంక పెట్టను?" అంది అక్క.

బాబాయికి నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. "నా మనసు కష్టపెట్టకూడదని మీరు అయిదుగురూ ఎనిమిది రోజులు బండిని మోశారా!" అన్నాడు. తప్పెవరిదని వెతికితే అందరి మంచితనమే దొరికింది. అంత ప్రేమగా ఆ రంగు వేసిన తన చేతినే ఆయన తిట్టుకున్నాడు.

నెలాఖరుకు ఇంక తొమ్మిది రోజులున్నాయి. బాబాయి రెండో బండి చేశాడు. పొడవు మూడో వంతు తగ్గించాడు. వెల్డింగు వీలైనంత మానేసి, ఎక్కడికక్కడ విప్పి బిగించుకునేలా బోల్టులు వేశాడు. ఇనుము ఇనుములాగే ఉంది. పిడికి ఒక తాడు కట్టి, దాని చివర ఒక పానా, ఒక సుద్దముక్క వేలాడదీశాడు. "ఎక్కడ ఇబ్బందిగా ఉంటే అక్కడ సుద్దతో గీయండి. ఓపికుంటే మీరే విప్పి మార్చుకోండి" అని చెప్పి వెళ్ళాడు.

సాయంత్రం వచ్చి చూస్తే సుద్దముక్క ఇచ్చింది ఇచ్చినట్టే ఉంది.

"ఏం, నచ్చనిది ఒక్కటీ లేదా?"

"కొత్త బండి మీద గీతలేంటి బాబాయి, బాగోదు" అంది మైకు వదిన.

బాబాయి మూలనున్న సుత్తి తెచ్చి, వాళ్ళు చూస్తుండగానే బండి పక్క రేకు మీద ఠపీమని ఒక్కటి వేశాడు. అరచేతి లోతున సొట్ట పడింది. చిట్టత్త "అయ్యో అయ్యో" అని గుండె మీద చెయ్యి వేసుకుంది.

"పాడైపోయింది. ఇంక మొహమాటం దేనికి?" అన్నాడు బాబాయి.

మర్నాటి నుంచి బండి మీద గీతలే గీతలు. పిడి తన గుండెలకు వస్తోందని చిట్టత్త గీసింది. దించితే తనకు నడుం వంగిపోతోందని మైకు వదిన కొట్టేసింది. ఇద్దరూ ఒక పూట మాట్లాడుకోవడం మానేశారు. బాబాయి ఎత్తులో ఒకటి, కిందుగా ఒకటి రెండు పిడులు వేస్తే గానీ రాజీ కుదరలేదు. స్ప్రింగులు మరీ గట్టిగా ఉండి, పలక ఎగిరి చిట్టత్త గడ్డానికి తగిలితే రెండు పీకేశాడు. మలుపులో బండి ఇంకా మొరాయిస్తూనే ఉంది. రోజుకు నాలుగు మాటలకు మించి మాట్లాడని ఒకావిడ ఉంది అక్కడ. ఆవిడ ముందు చక్రం చుట్టూ ఒక సున్నా చుట్టి, చెయ్యి అటూ ఇటూ తిప్పి చూపించింది. పేషెంట్ల మంచాల చక్రాల్లాగా తిరగాలని. తిరిగే చక్రాలు వేస్తే తిన్నటి దారిలో బండి పక్కకు లాగింది. మళ్ళీ ఆవిడే, ఒక మేకు గుచ్చితే చక్రం తిన్నగా ఆగేలా, తీస్తే తిరిగేలా చేయమంది. ఇరవై ఏళ్ళ నుంచి బండ్లు చేస్తున్న బాబాయి ఆవిడకు రెండు చేతులూ జోడించాడు.

"గంట ఒకటి పెట్టు బాబాయి, మనుషులు తప్పుకుంటారు" అని మైకు వదిన అడిగింది.

"నీ గొంతుండగా గంటెందుకు, దండగ" అంది చిట్టత్త. ఇద్దరూ కలిసిపోయారని అందరికీ అర్థమైంది.

మేకు తీసి తిప్పితే మలుపులో బండి ఇప్పుడు ఒక్క మనిషి చేతిలో తిరుగుతోంది. అందరి గీతలూ బండి మీద ఉన్నాయి, అక్కవి తప్ప. "నీకేం ఇబ్బంది లేదా అక్కా?" అని బాబాయి అడిగితే, "బండికేం, బాగుంది" అంది. ఆ మాటలో ఏదో మిగిలిపోయిందని ఆయనకు అనిపించింది. గుచ్చి అడగలేదు.

నెలాఖరు రోజు మేనేజరమ్మ చేతి గడియారం, పుస్తకం పట్టుకుని వచ్చింది. బండిని చూసి నిలబడిపోయింది. సొట్ట, తుప్పు, సుద్ద గీతలు, పిడికి పాత తువ్వాలు ముక్క.

"ఏమిటిది? పాత ఇనప సామాన్ల కొట్లోంచి తెచ్చారా?"

"చూడ్డానికి కాదమ్మా, తోయడానికి" అంది మైకు వదిన.

"సరే, తోయండి చూద్దాం" అని మేనేజరమ్మ అక్క వైపు చూసింది.

బండిని నిండుగా నింపారు. అక్క పిడి మీద చేతులు వేసింది. ఒక్క క్షణం అలాగే ఉండి, తీసేసింది. తాడుకు వేలాడుతున్న సుద్దముక్క అందుకుంది. పై దుప్పట్లు పక్కకు జరిపి, బండి లోపలి రేకు మీద, ముప్పావు ఎత్తున అడ్డంగా ఒక గీత గీసింది.

"అమ్మా, బండి మంచిది. నా చెయ్యే పాతది" అంది. "నిండుగా వేస్తే ఇవాళ పళ్ళు బిగపట్టి ఒక్కసారి తోసి చూపించగలను. రేపు చూపించలేను. ఇక్కడిదాకా వేస్తే రోజంతా తోస్తాను. ఆపైన మీ ఇష్టం."

 అందరూ బండి బాగోగులే చెప్పారు గానీ, అక్క తన సంగతే చెప్పేసింది. ఆ ఒక్క మాటతో పని పోవచ్చు. 

మేనేజరమ్మ వంగి ఆ గీతను చూసింది. "అయితే అక్కడిదాకానే వేయండి" అంది.

అక్క తోసింది. మొదటి సగం, మలుపు, మేకు, రెండో సగం, డాబా. మేనేజరమ్మ పక్కనే నడిచింది. చెయ్యి వేయాలని ముందుకొచ్చిన చిట్టత్తను మైకు వదిన కొంగు పట్టి ఆపింది. దిగి వచ్చాక మేనేజరమ్మ స్టూలు తెప్పించుకుని లాండ్రీలోనే కూర్చుంది. ఒక్కసారితో తేలేది కాదని, పని మొత్తం అయ్యేదాకా చూస్తానని చెప్పింది. మధ్యలో మాటలు తక్కువావిడ టీ తెచ్చి ఇస్తే, కప్పు కింద పెట్టుకుని మరీ లెక్క రాసుకుంది.

ముప్పావు వేస్తే ఎక్కువసార్లు తిరగాలి. తిరిగారు. కానీ రోజూ చీకటి పడే వేళకు అయ్యే పని ఆ రోజు నాలుగింటికే అయిపోయింది. ఎక్కడ కలిసొచ్చిందో మేనేజరమ్మకు అంతుపట్టక అడిగితే, ఇదివరకటిలా బండికి ఇద్దరు వెళ్ళడం, నీలం బండి వచ్చాక మలుపు దగ్గర ప్రతిసారీ అయిదుగురూ పని వదిలి పరుగెత్తడం ఇవాళ లేదని చిట్టత్త చెప్పింది. చెప్పాక నాలుక కరుచుకుంది.

మేనేజరమ్మ నవ్వలేదు గానీ పుస్తకం మూసింది. "ఒక బండికి ఒక మనిషి అన్నాను. ఎంత బరువు అన్నది నేనూ చెప్పలేదు" అంది. "ఇకమీద చేయించే అన్ని బండ్లలోనూ ఆ గీత పెట్టండి. వయసులో ఉన్నవాళ్ళు కూడా దాటకూడదు. లేకపోతే పదేళ్ళకు ఇంకొకరి చెయ్యి పాడై మళ్ళీ నా దగ్గరికే వస్తారు." వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి అక్కతో, "మీరు రేపు మామూలుగా వచ్చేయండి" అంది.

ఆ సాయంత్రం అక్కా తమ్ముడూ కలిసి ఇంటికి నడిచారు. అక్క అన్నం డబ్బా సంచి ఎప్పుడూ అక్క చేతిలోనే ఉంటుంది. ఎన్నిసార్లు అడిగినా ఇవ్వదు. బస్టాండు దాటాక ఆవిడ ఆగింది.

"చెయ్యి నొప్పిగా ఉందిరా. ఈ సంచి పట్టుకో" అంది.

బాబాయి సంచి అందుకున్నాడు. ఎక్కడ నొప్పి, ఎప్పటినుంచి, ఏ పని చేస్తే ఎక్కువవుతుంది అని ఒక్కొక్కటే అడిగాడు. ఇంటి గుమ్మం వచ్చేదాకా అక్క దాచకుండా అన్నీ చెప్పింది.